రంగం వెళ్ళిన తలుపులమ్మ

తలుపులమ్మకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఉప్పాడలో ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరైనా ముందు చెప్పే మాట అదే. పదేళ్ళ వయసునుంచే తల్లి వెనకాల ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, కొత్తపల్లి మీదుగా పిఠాపురం దాకా నడిచి, సరుకంతా అమ్ముకుని పొద్దుగూకే లోపల తిరిగి వచ్చేది. పదమూడో ఏట కోనపాపపేటలో ఇచ్చారు. మొగుడు తాగివచ్చి కొట్టేవాడు. ఆరేళ్ళు ఓర్చుకుంది. ఏడో ఏడు కులపెద్దల ముందు పుస్తె తీసి పెట్టేసి, తన గంప తను ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. మళ్ళీ మనువాడమని ఎవరైనా అడిగితే "చూద్దాంలే పిన్నీ" అంటూనే నాలుగిళ్ళు దాటిపోయేది.

ఆమెకు ముప్ఫై ఏళ్ళు వచ్చిన ఏడాది, అంటే పద్దెనిమిది వందల తొంభై మూడులో, కార్తీకమాసం తుఫానుకు సముద్రం రెండు వరసల గుడిసెలు లాక్కుపోయింది. వాటిలో వాళ్ళదీ ఒకటి. తల్లీ తండ్రీ అప్పటికే పోయారు. ఉన్న ఒక్క తమ్ముడు పెదబాబు రెండేళ్ళ కిందటే బర్మాలోని రంగం వెళ్ళి, రంగూను నది ఒడ్డున బియ్యం మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఇంట్లో మిగిలింది తలుపులమ్మా, పెదబాబు పెళ్ళాం నూకాలూ. ఇద్దరూ నూకాలు పుట్టింటివాళ్ళ వసారాలో తలదాచుకున్నారు.

నెల తిరక్కుండా పెదబాబు దగ్గరనుంచి కబురు వచ్చింది. రంగంనుంచి తిరిగివచ్చిన మనిషి ఒకడు పడవలు లాగే చోటికి వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు.

"మీ తమ్ముడోళ్ళు ఇరవై ఇద్దరు ఒక్క బరాకులో ఉంటారమ్మా. వండేవాడు జ్వరమొచ్చి ఊరెళ్ళిపోయాడు. అక్కని వచ్చే స్టీమరెక్కించమన్నాడు. కూలోళ్ళని పనిలో పెట్టే మేస్త్రీకి చెప్పాడంట, టిక్కెట్టు ఆయనే చూసుకుంటాడంట."

నూకాలు చేతిలో చీపురు పట్టుకుని వింటోంది. "నన్ను రమ్మనలేదా?" అంది.

"ఆడోళ్ళుండే చోటు కాదమ్మా అది."

"మరి మా వదిన ఆడది కాదా?"

ఆ మనిషి తల గోక్కున్నాడు. తలుపులమ్మ ఆ పిల్ల మొహం చూడలేక పక్కకు తిరిగింది. కానీ వెళ్ళననీ అనలేదు. లోపల ఆమె కాళ్ళు అప్పటికే బయలుదేరాయి.

కాకినాడ రేవులో పడవెక్కి, చాలా దూరాన లంగరేసిన స్టీమరు చేరడానికే ఒక పూట పట్టింది. డెక్కు మీద చాపలు పరుచుకుని కొన్ని వందలమంది. అందరూ గోదావరి జిల్లా, విశాఖపట్నం జిల్లా మగవాళ్ళు. చాలామంది రైలింగు పట్టుకుని వాంతులు చేసుకుంటూంటే తలుపులమ్మ మాత్రం కొంగు నడుముకు బిగించి డెక్కంతా తిరిగింది. సముద్రం ఆమెకు కొత్తది కాదు. ఆరో రోజున నీళ్ళ రంగు మారి, ఓడ పసుపుపచ్చటి పెద్ద నదిలోకి మళ్ళినప్పుడు మొదటిసారి ఆమె తిరగడం ఆపి రైలింగు పట్టుకుంది. ఆ నదికి రెండు గట్లూ బురదే. ఇసక లేదు. కెరటం లేదు. అంత నీరు చప్పుడు లేకుండా కదులుతోంది.

పొగగొట్టాలు వచ్చాయి. వాటి వెనక దూరంగా చెట్ల మీదుగా బంగారు రంగు గోపురమొకటి ఎండలో మెరిసింది. పక్కనున్న మనిషి చేతులెత్తి దండం పెట్టాడు. తలుపులమ్మ కూడా పెట్టింది, అది ఏ దేవుడిదో తెలియకుండానే.

బరాకు అంటే పొడుగాటి రేకుల షెడ్డు. రెండు పక్కలా చెక్క అరుగులు, మధ్యన నడవడానికి సందు. ఒక్కో మనిషికి ఒక్కో చాప వెడల్పు జాగా. వెనక తాటాకు పందిరి కింద వంట. ఆ పందిట్లోనే ఒక మూల తడిక కట్టి తలుపులమ్మకు పడక ఏర్పాటు చేశారు. తెల్లవారుజామున మిల్లు కూత వేసేసరికి ఇరవై రెండు కంచాలలో చద్దన్నం పడాలి. మధ్యాహ్నానికి వేడన్నం, చారో పులుసో. సాయంత్రం మళ్ళీ పొయ్యి. ఊక పొయ్యి కాబట్టి ఎగదోస్తూనే ఉండాలి. ఊకపొగ కళ్ళలో పడేది, ఊకదుమ్ము అన్నంలో పడేది.

పని ఆమెకు బరువు కాలేదు. చుట్టూ మాట్లాడేదీ తెలుగే. అయినా పదిరోజులయ్యేసరికి తనలో ఏదో ఎండిపోతున్నట్టు తోచింది. అదేమిటో మొదట తెలియలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు పెట్టేసి గిన్నెలు తోముతూ, తనలో తనే "ఇదిగో, ఈ గిన్నెకి మసి ఎంత పట్టిందో చూడవే" అని పైకి అనేసి, చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఉప్పాడలో ఆ మాట అంటే పక్కనుంచి ఎవరో ఒకతె "బూడిద సరిపోలేదే నీకు" అనేది. రంగం వచ్చి పదిరోజులైనా తను ఇంకో ఆడదానితో ఒక్క మాట ఆడలేదని అప్పుడు తట్టింది. మిల్లు ఆవరణలో ఊక ఊడ్చే ఆడకూలీలు కొంతమంది ఉన్నారు గానీ వాళ్ళంతా తమిళంవాళ్ళు, గేటు అవతల వేరే లైనులో ఉంటారు. ఈ బరాకు మగవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. తింటారు, పడుకుంటారు, "ఉప్పు తక్కువైందమ్మా" అంటారు. అంతే.

కూర్చోలేకపోయింది. వంట అవగానే లేచి బరాకు చుట్టూ తిరిగేది. ఆ తర్వాత మిల్లు గోడ వెంట నదిదాకా వెళ్ళేది. అక్కడ నిలబడి చెవి రిక్కిస్తే మిల్లు హోరు తప్ప ఏమీ వినపడదు. పుట్టినప్పటినుంచి చెవిలో ఉన్న కెరటం చప్పుడు ఆగిపోయి, ఆ ఖాళీలో మిల్లు తిరుగుతున్నట్టుండేది. ఇంకా నయం, నది పోటు మీద ఉన్నప్పుడు గట్టుకు కొంచెం తాకేది. ఆ కాస్త చప్పుడు కోసం గంటసేపు నిలబడేది.

వారానికొకసారి కాకినాడ స్టీమరు వస్తుందని తెలిశాక ఆ రోజున స్టీమరు రేవుకు పోవడం మొదలుపెట్టింది. ఆనవాలు పెట్టుకుంటూ, రెండుమైళ్ళు నడిచి వెళ్ళి, దిగేవాళ్ళను ఒక్కొక్కరినీ చూసేది. "బాబూ, ఉప్పాడ వాళ్ళెవరైనా ఉన్నారా? పోనీ పిఠాపురం? తుని?" ఎవడో ఒకడు తునివాడు తగిలితే వానలు పడ్డాయా, సంతలో చేప ఎలా ఉంది అని అడిగేది. వాళ్ళు వింతగా చూసి మూట ఎత్తుకుని పోయేవాళ్ళు.

నాలుగోసారి వెళ్ళొచ్చిన సాయంత్రం పెదబాబు పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మనిషి నడుం వంగినట్టున్నాడు. భుజం మీద బస్తాలు రాసుకుని చర్మం మొద్దుబారింది.

"నువ్వు రేవుకెళ్ళి మగాళ్ళతో మాట్లాడతన్నావంట. మేస్త్రీ అడిగాడక్కా, ఏంటిదని."

"ఊరి సంగతులు అడిగాను. తప్పా?"

"ఇక్కడ ఆడది వీధిలో ఒక్కత్తీ తిరిగితే తప్పుగా చూస్తారే."

"ఎవరు చూస్తారురా? బర్మా ఆడోళ్ళు దుకాణాలు పెట్టుకుని, చుట్టలు కాల్చుకుంటూ, మగాళ్ళతో బేరాలాడతన్నారు. నేను చూశాను. తప్పుగా చూసేది మనోళ్ళే."

"నీ మంచికే చెప్తన్నాను."

"అయితే నన్ను ఊరు పంపించెయ్. ఈ పందిట్లో నాకు పిచ్చెక్కిపోద్ది."

పెదబాబు ఊక పొయ్యి ఎగదోశాడు. "మిల్లు సీజను అయ్యేదాకా ఉండక్కా. నువ్వెళ్ళిపోతే ఇరవై రెండుమందికి నేనేం చెప్పాలి?" అన్నాడు. ఆమె పోట్లాట పెంచలేదు. కానీ మర్నాటినుంచి ఆమెకు అన్నం సహించలేదు. నడక మటుకు మానలేదు. రేవు కాకుండా ఇటుపక్క, నది ఎగువకు వెళ్ళడం మొదలెట్టింది.

బరాకులో ఇంకొక మనిషికి కూడా అన్నం సహించడం లేదు. తునిదగ్గర పల్లెనుంచి వచ్చిన యెహెజ్కేలు. క్రైస్తవుడు. నలభై అయిదేళ్ళుంటాయి. తొమ్మిదేళ్ళుగా ఊరు మొహం చూడలేదు. మునుపు సాయంత్రాలు గోడకు ఆనుకుని బైబిలు పైకి చదివేవాడట, చదువురానివాళ్ళు కూడా చుట్టూ చేరేవాళ్ళట. తలుపులమ్మ వచ్చేసరికే ఆ చదువు ఆగిపోయింది. పనికి వెళతాడు, వస్తాడు, అరుగు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతాడు. "గాలి సోకింది" అన్నారు కొందరు. తలుపులమ్మ ఆయన కంచంలో మిగిలిపోయిన మెతుకులు చూసేది. తన కంచమూ అలాగే ఉండేది.

చైత్రమాసంలో బర్మావాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. మిల్లు మూడు రోజులు మూసేశారు. బరాకులో అందరూ పడి నిద్రపోతూంటే, కూరగాయలు తెస్తానని గంప పట్టుకుని తలుపులమ్మ బయటపడింది. నది ఎగువన బర్మావాళ్ళ పేట ఉంది. వీధిలో అడుగుపెట్టేసరికి పక్కనుంచి ఒక కుర్రవాడు వెండిగిన్నెతో నీళ్ళు తెచ్చి నెత్తిన కుమ్మరించాడు.

పరాయి మగవాడు, పట్టపగలు, నడివీధిలో. ఆమె ఆలోచించకుండా గంప తిప్పి మొహం మీద ఒక్కటి కొట్టింది. వాడి ముక్కునుంచి రక్తం కారింది. నవ్వులూ కేకలూ ఆగిపోయాయి. క్షణంలో చుట్టూ జనం చేరారు. వాళ్ళ మాటల్లో ఆమెకు ఒక్కటే అర్థమైంది, "కోరంగి, కోరంగి" అని. తెలుగువాళ్ళందరినీ బర్మాలో కాకినాడ దగ్గరి ఆ పాత రేవు పేరుతోనే పిలుస్తారు.

తను ఏం చేస్తోందో తెలియకుండానే గట్టిగా అరిచింది. "కోరంగి కాదు! ఉప్పాడ! నాది ఉప్పాడ!"

జనాన్ని తోసుకుంటూ ఒక ముసలామె ముందుకొచ్చింది. మొహాన పచ్చటి గంధంలాంటి పూత, నోట్లో జానెడు పొడుగు చుట్ట. ముందు కుర్రవాడి గడ్డం పట్టి మొహం ఎత్తి చూసింది. తర్వాత తలుపులమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. నీళ్ళు ఓడుతున్న జుట్టు, గాలిలో ఇంకా ఎత్తి పట్టుకున్న గంప. ముసలామె ఒక్కసారిగా విరగబడి నవ్వింది. ఆ నవ్వుకు జనం కూడా నవ్వారు. చివరికి ముక్కు పట్టుకున్న కుర్రవాడు కూడా నవ్వాడు. అతను ఆ ముసలామె చెల్లెలి కొడుకని తర్వాత తెలిసింది. ఆ మూడు రోజులూ ఎవరి మీదైనా నీళ్ళు పోయవచ్చని, అది పాపాలు కడిగే వేడుకని కూడా తర్వాతే తెలిసింది.

ముసలామె చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు. కింద పెరడంతా చేపలు, ఉప్పు, పెద్దపెద్ద జాడీలు. అడుగుపెట్టగానే గుప్పుమని వాసన. నప్పి వాసన అది, మాగేసిన చేపల ముద్ద. బరాకులో మగవాళ్ళు ఆ వాసన తగిలితే ఉమ్మేసేవాళ్ళు. చేపల్లో పుట్టి పెరిగిన తలుపులమ్మే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. 'చేపని ఇలా కుళ్ళబెట్టుకున్నారేంటి, ఎండబెట్టుకోవడం రాక' అనుకుంది.

ముసలామె పొడి లుంగీ ఇచ్చింది. ఎదురుగా కూర్చుని ఒక చుట్ట చేతిలో పెట్టింది. నాలుగు నెలలుగా పొగ ముట్టని తలుపులమ్మ గబగబా వెలిగించుకుని, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుంది. ఉప్పాడలో ఆడవాళ్ళంతా అలాగే తాగుతారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, గంప మోస్తూ రెండు చేతులూ వదిలేయవచ్చు. అడ్డపొగ అంటారు దాన్ని.

ముసలామె కెవ్వుమంది. నోరు కాల్చుకుందనుకుని చుట్ట లాగేయబోయింది. తలుపులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, పెదవుల సందునుంచి నెమ్మదిగా పొగ వదిలింది. ముసలామె నోరు వెళ్ళబెట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళను కేకేసి పిలిచింది. పదిమంది ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఆమె నోట్లోకి వంగి చూస్తూ ఆశ్చర్యపోతూంటే తలుపులమ్మకు నవ్వు ఆగలేదు. బర్మా గడ్డమీద ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ముసలామె వీపు నిమిరింది.

వెళ్ళేముందు ముసలామె తన గుండె మీద చెయ్యి వేసుకుని "మా ప్యూ" అంది.

అక్కడ ఆడవాళ్ళ పేరుకు ముందు 'మా' అని చేరుస్తారని తలుపులమ్మకు తెలియదు. మా అమ్మ, మా అక్క అన్నట్టే వినిపించింది. "మా ప్యూ" అని తిరిగి అంది. తన పేరు చెప్పింది గానీ ముసలామెకు నోరు తిరగలేదు. వీధిలో విన్న మాటే గుర్తుపెట్టుకుని "ఉపాడా" అంది. ముసలామె బతికున్నన్నాళ్ళూ తలుపులమ్మకు అదే పేరు.

ఆ తర్వాత తలుపులమ్మ రోజూ మధ్యాహ్నం పేటకు వెళ్ళింది. మొదట ఊరికే కూర్చుంది. రెండోరోజుకే చేతులు ఊరుకోలేదు. పెరట్లో పడి ఉన్న చేప తీసుకుని, వీపు చీల్చి, పేగు తీసి, ఉప్పు పట్టించి, వెదురు తడకల మీద పరిచింది. అయిదోరోజుకు చేప గలగలా ఎండింది. మా ప్యూ కొరికి చూసి తల పంకించింది. తన నప్పి ఒక ముద్ద తీసి తలుపులమ్మ నోట్లో పెట్టింది. తలుపులమ్మ కళ్ళు మూసుకుని మింగింది. నిజం చెప్పాలంటే నప్పి చివరిదాకా ఆమె నోటికి ఎక్కలేదు. మా ప్యూ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక మింగేది.

ఎండిన చేపలు రెండు గంపలయ్యాక అసలు ఆలోచన వచ్చింది. నది ఒడ్డున మిల్లులు ఎన్నో ఉన్నాయి. ఒక్కో మిల్లుకు తెలుగు బరాకులు. ఒకనాటి సాయంత్రం, వంట తొందరగా ముగించుకుని, గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. ముందు తన బరాకుల వరసలోకే వచ్చింది. అయిదు నెలల తర్వాత నెత్తిన బరువు పడగానే మెడ నిటారుగా లేచింది, నడక తన నడకైంది. అనుకోకుండానే గొంతు తెరుచుకుంది.

"ఎండుచేపలమ్మా... ఎండుచేపలూ! నెత్తళ్ళూ, కానాగంతలూ, సావడాయలూ..."

రేకుల షెడ్లలోనుంచి తలలు బయటికి వచ్చాయి. కొందరు నవ్వారు. ఒకడు "ఓలమ్మో, పిఠాపురం సంతే వచ్చేసిందిరోయ్!" అన్నాడు. అందరి వెనకనుంచి యెహెజ్కేలు వచ్చాడు, మొలకు కట్టిన తుండుతో, వట్టికాళ్ళతో. నెలల తరబడి పెదవి విప్పని మనిషి.

"నెత్తళ్ళున్నాయా?" అని అడిగాడు.

తలుపులమ్మ తెల్లబోయింది. "లేవన్నయ్యా. ఇవన్నీ ఏటి చేపలు. ఊళ్ళో అలవాటుకొద్దీ అలా అరిచేశాను."

"పర్లేదు. లేకపోయినా పర్లేదు. మళ్ళీ ఓసారి కేకెయ్యమ్మా."

ఆమె చుట్టూ చూసింది. ఎవరూ నవ్వడం లేదు. మళ్ళీ అరిచింది. యెహెజ్కేలు గుంజ పట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. "శుక్రవారం శుక్రవారం మా పల్లెకి ఒకావిడ వచ్చేది. మా ఆవిడ పరిగెత్తుకెళ్ళేది దాకతో..." అని అంతటితో ఆపేశాడు. గంప దించడానికి తనే చెయ్యి వేశాడు. ఆ రాత్రి కంచంలో మెతుకు మిగల్చలేదు. పదిహేను రోజుల తర్వాత మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, ఊరెళతానని చెప్పి, స్టీమరెక్కాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆయన ఇల్లు ఎలా ఉందో, ఆవిడ ఉందో లేదో తలుపులమ్మకు ఎప్పటికీ తెలియలేదు. తర్వాత రెండుసార్లు తునివాళ్ళను అడిగింది. ఎరిగినవాళ్ళు తగల్లేదు.

పెదబాబు మాత్రం మండిపడ్డాడు. "బరాకు బరాకూ తిరిగి చేపలమ్ముతావా? నా పరువేం కావాలి?"

"మీ అక్క ఉప్పాడలో ఏం చేసేదిరా? చేపలేగా అమ్మింది. అక్కడ పోని పరువు ఇక్కడెందుకు పోద్ది?"

"ఇక్కడ వేరు."

"నాకు వేరుగా లేదు. వంట ఆపనురా. మూడు పూటలా పెడతాను. మధ్యలో నా కాళ్ళు నావి."

తక్కినవాళ్ళంతా చేపకూర తింటూ విన్నారు. ఒక్కడూ పెదబాబు పక్షం మాట్లాడలేదు. పెదబాబు కంచం తోసేసి బయటికి పోయాడు. కాసేపటికి తిరిగివచ్చి తినేశాడు.

వానాకాలం మాత్రం ఆమెను బాగా సతాయించింది. నాలుగు నెలలు విడవకుండా వాన. చేప ఎండదు, బాట కనపడదు. పందిట్లో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, బురదలోనే నడుస్తూ పోయి పేటలో తేలేది. ఒకరోజు మా ప్యూ వెండిలా మెరిసే చేప తెచ్చి ముందు పెట్టింది. తలుపులమ్మ పట్టుకుని తిప్పి చూసి కేక పెట్టింది. పులస. వరదకు ఎదురీది గోదావరిలోకి వచ్చే పులసే, ఈ నదిలోకీ వచ్చింది. ఆ రోజు ఇద్దరూ చెరొక కుండ పెట్టి వండారు. మా ప్యూ ముల్లు కరిగిపోయేదాకా సన్నసెగన ఉంచింది. తలుపులమ్మ చింతపండు పులుసు పోసింది. ఎవరిది వాళ్ళే మెచ్చుకున్నారు.

రెండేళ్ళు గడిచాక ఉప్పాడ వెళ్ళింది. వెళ్ళాలని ఎంత తహతహలాడిందో, దిగిన వారంలోనే అంత గాభరా పడింది. కెరటం హోరుకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళు కలవరించిన చప్పుడే ఇప్పుడు చెవిలో గుచ్చుకుంది. వాళ్ళ గుడిసె ఉన్నచోట నీళ్ళు ఆడుతున్నాయి. జనం "రంగం తలుపులమ్మ" అని పిలిచి, అక్కడ ఆడవాళ్ళు బట్టలెలా కడతారో చెప్పమని నవ్వేవాళ్ళు. ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు లేరు. ఆమె మా ప్యూ గురించి చెప్పబోతే, "నప్పి తిన్నావంటగా, ఛీ" అన్నారు.

నూకాలు ఒక్కతే ఎగతాళి చెయ్యలేదు. వలలకు పడిన చిరుగులు అల్లుతూ కూర్చునేది. మొగుడు వెళ్ళిన నాలుగేళ్ళలో మనిషి సగమైంది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. "వదినా, నిజం చెప్పు. ఆయనకి అక్కడ ఇంకొకత్తె ఉందా?"

"లేదే. ఒట్టు."

"మరి నన్నెందుకు పిలవడు?"

తలుపులమ్మ ఆ చాప వెడల్పు జాగా గురించి చెప్పింది. ఇరవైమంది మగవాళ్ళ మధ్య నిన్ను ఎక్కడ పెడతానని వాడు సిగ్గుపడుతున్నాడని చెప్పింది. నూకాలు వల పక్కకు పెట్టింది. "నాలుగేళ్ళు ఒంటరిగా ఉన్నాను. సిగ్గు నేను పడతాలే. నువ్వు వెళ్ళేటప్పుడు నన్నూ ఎక్కించు."

"వాడు తిడతాడు."

"తిట్టనీ. ఎదురుగా ఉండి తిడతాడుగా."

ఇద్దరూ కలిసి స్టీమరెక్కారు. దారిపొడుగునా నూకాలు వాంతులు చేసుకుంటూనే ఉంది. ఒక్కసారీ వెనక్కి వెళదామనలేదు.

బరాకు ముందు భార్యను చూసి పెదబాబు కొయ్యబారిపోయాడు. తర్వాత అక్కను నానా మాటలూ అన్నాడు. మూడు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. నాలుగోనాడు మా ప్యూ తన ఇంటి వెనక వంటపాక ఖాళీ చేయించి, వచ్చి ఉండమని మనిషి చేత చెప్పించింది. పెదబాబు ఆ పాకలోకి వెళ్ళి, కప్పు చూసి, గోడలు తట్టి, తన చాప తెచ్చి పరిచాడు. తలుపులమ్మ బయటే నిలబడి ఉంది. "వాసనొస్తోందక్కా ఇక్కడ" అన్నాడు. ఆ మాటే సంధి అయింది.

నూకాలును కూడా గంపల పనిలోకి దింపాలని తలుపులమ్మ ఆశపడింది. నూకాలు ససేమిరా అంది. "నీలా తిరగడం నావల్ల కాదు వదినా" అని మిల్లు ఆవరణలో ఊక ఊడ్చే తమిళ ఆడవాళ్ళతో చేరిపోయింది. నెల తిరిగేసరికి వాళ్ళ భాషలో తిట్లు కూడా నేర్చుకుంది. తలుపులమ్మకు కొంచెం కష్టం తోచింది. ఆ పిల్లకు తను అవసరమవుతుందనుకుంది.

మరో రెండేళ్ళకు నూకాలుకు ఆడపిల్ల పుట్టింది. కాన్పుకు ఒకపక్క మా ప్యూ, ఒకపక్క తలుపులమ్మ. బాలింతను నిప్పుల పక్కన పడుకోబెట్టి ఒళ్ళంతా పసుపు పట్టించాలని మా ప్యూ, కాయం మందు మింగించి వేణ్ణీళ్ళు పోయాలని తలుపులమ్మ. ఇద్దరూ సగం సగం భాషలో గొంతులు చించుకున్నారు. చివరికి నూకాలు "రెండూ చేసి నన్ను పడుకోనివ్వండి" అంది.

పది రోజులు కాగానే తలుపులమ్మకు మళ్ళీ కాలు నిలవలేదు. ఉప్పాడ కాయం తెస్తానని బయలుదేరింది. ఆ మందు నూకాలుకు ఇంక అక్కరలేదని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. పెదబాబు ఆపలేదు. రేవుదాకా వచ్చి మూట అందించాడు. "ఎప్పుడొస్తావక్కా?" అన్నాడు.

"నెలలో."

ఏడు నెలలకు వచ్చింది. ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పింది. వచ్చేసరికి పిల్ల పెరట్లో చాప మీద కూర్చుని, ఎండు చేప తోక చీకుతోంది. మొహాన మా ప్యూ పూసిన పచ్చటి పూత. కొత్త మనిషిని చూసి పెదవి విరిచి, గుక్కపట్టి ఏడ్చింది. "నీ మేనత్తే, ఏడవకే" అంటూ నూకాలు నవ్వింది. తలుపులమ్మ మూట కింద పడేసి, పిల్లను భుజాన వేసుకుని, చేపల తడకల మధ్యనుంచి అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. పిల్ల ఏడుపు ఆపలేదు. ఆమె నడక ఆపలేదు.